దుంగల ఓడలో వచ్చిన బేగం

డెబ్బై ఆరులో, ఇంకా తొలకరి పడకముందు, పోర్టులో దుంగల ఓడ దింపుతున్న కళాసీలు ఉన్నట్టుండి గొలుసులు వదిలేసి పక్కకు గెంతారు. క్రేను దించిన ఒక దుంగకి బెరడు లేచి ఉంది. దాని కిందనుంచి అరచెయ్యంత సాలీడు ఒకటి బయటికొచ్చింది. నల్లటి ఒళ్లు, ఒళ్లంతా నూగు, లావుపాటి కాళ్లు. ఎవరో గునపం ఎత్తారు. ఖాజా మాత్రం తన క్యారేజీ పైగిన్నె దానిమీద బోర్లించి, కిందనుంచి మూత దోపి, పట్టేశాడు. పెంచుదామని కాదు. పెళ్లాన్ని హడలగొట్టి నవ్వుకుందామని.

ఖాజా పెళ్లాం మెహరున్నీసాకి పాత పోస్టాఫీసు దగ్గర సందులో గాజు సామాను కొట్టు ఉండేది. లాంతరు చిమ్నీలు, బిస్కెట్ల జాడీలు, మందు సీసాలు అమ్మేది. ముందు కొట్టు, వెనక ఇల్లు. మాది ఎదురు వరస. ఆ సాయంత్రం ఆవిడ క్యారేజీ కడగబోయి మూత తీసింది. అరవలేదు. మూత మళ్లీ పెట్టేసి, మొగుడి మొహంలోకి చూసి, "అన్నం తినే గిన్నిలో ఏటిది పెట్టుకొచ్చినావు?" అంది. ఇంట్లో వాళ్లు ఉర్దూలో మాట్లాడుకునేవాళ్లు. కోపం వస్తే మాత్రం ఆవిడ నోట తెలుగే వచ్చేది, చేపల బజారులో బేరాలాడి నేర్చుకున్న తెలుగు. ఆ తర్వాత అన్న మాటలు వీధిలో అందరం విన్నాం.

ఖాజా నవ్వు ఆరిపోయింది. చెప్పు తీసి దాన్ని కొట్టేస్తానన్నాడు. అతని తల్లి రసూల్ బీ అడ్డం పడింది. గుహలో ఉన్న ప్రవక్తని పగవాళ్ల కంటపడకుండా, గుమ్మానికి గూడు అల్లి కాపాడిన జీవం అది, దాని ప్రాణం మన ఇంట్లో పోకూడదు అని గట్టిగా చెప్పింది. సరే, పొద్దున్నే కొండమీద వదిలేద్దామనుకుని, ఒక పెద్ద జాడీలో వేసి, రేకుమూతకి మేకుతో బెజ్జాలు పొడిచారు. పొద్దున్న ఖాజాకి డ్యూటీ పడింది. తర్వాత వాన పట్టుకుంది. వాన వెలిసేసరికి జాడీ అడుగున ఇసుక, కొబ్బరిపీచు, ఒక మూల సోడామూతలో నీళ్లు ఉన్నాయి. అవి పెట్టింది మెహరున్నీసాయే.

ఎవరన్నా ఎందుకని అడిగితే ఆవిడకి చెప్పడం వచ్చేది కాదు. చిట్టమ్మతో మాత్రం ఒకసారి అందట, అది తననేమీ అడగదు, తొందరపెట్టదు, తొందరపెడితే వినదు, అందుకే బాగుంటుందని. చిట్టమ్మ జాలారిపేట నుంచి రోజూ చేపల తట్టతో వచ్చి, ఎండ ముదిరాక ఆ కొట్టు అరుగుమీద కూచుని పోయే మనిషి. మొదటిసారి జాడీలోకి చూసినప్పుడు ఆవిడ తట్ట దించకుండానే వెనక్కి నడిచింది. తర్వాత తర్వాత, "బీబమ్మా, మీ పీత తిన్నాదా?" అని అడిగేది. మెహరున్నీసా దానికి బేగం అని పేరు పెట్టింది. పగలంతా పీచులో సొరంగం చేసుకుని పరదా చాటున కూచునేది కదా. దీపాలు పెట్టే వేళకి ముందుకాళ్లు రెండూ గుమ్మం బయటికి చాపేది. బొద్దింక ఒకటి జాడీలో పడేస్తే, ఎప్పుడు కదిలిందో తెలిసేది కాదు, బొద్దింక మాయమయ్యేది. పాతపట్నంలో బొద్దింకలకి కరువేముంది. ఒక్కనాడు కూడా ఆవిడ దాన్ని చేత్తో ముట్టలేదు. దానికి ఇష్టం ఉండదు, నాకూ ఉండదు అనేది.

ఒక ఏడాది బేగం తిండి మానేసింది. రంగు మాసిపోయింది. ఒకనాడు గూడులాంటి తెల్లటి పరుపొకటి నేసుకుని, దానిమీద వెల్లకిలా పడుకుని, కాళ్లు ముడుచుకుంది. చచ్చిందనుకున్నారు. ఖాజా జాడీ దులిపేయబోయాడు. మెహరున్నీసా లాక్కుంది, కాసేపు నన్ను చూసుకోనీ అంది. అలా ఒళ్లో పెట్టుకుని కూచుంటే, దాని వీపుమీద చిప్ప డబ్బా మూతలా లేచింది. లోపల్నించి మరో సాలీడు, తడిగా, పాలిపోయి, కాలు వెంట కాలు లాక్కుంటూ బయటపడింది. పాత చర్మం పక్కన రెండో సాలీడులా పడుంది. అప్పట్నుంచి ఆవిడకి తెలిసింది, వెల్లకిలా పడ్డప్పుడు దాన్ని గాలి కూడా తాకకూడదని. ఆ సంగతి ఇంట్లో అందరికీ చెప్పింది. వచ్చినవాళ్లకీ చెప్పింది.

ఎనభై దాటాక గాజువాక వైపు ఎక్కడ చూసినా నేల తవ్వుతున్నారు. ఆ మట్టి తోలే లారీ డ్రైవరొకడు, కొట్టులో చిమ్నీ కొనడానికొచ్చి జాడీ చూసి, మరుసటి వారం డాల్డా డబ్బాలో మండ్రగబ్బని తెచ్చిచ్చాడు. నల్లగా నిగనిగలాడుతూ, పీత గోళ్లలాంటి ముందుకాళ్లు. దానికో గాజు తొట్టె, పెంకు ముక్క. ఆ ఆడ మండ్రగబ్బ పిల్లల్ని పెట్టింది. బియ్యపు గింజల్లా తెల్లటి పిల్లలు, తల్లి వీపునిండా ఎక్కి కూచున్నాయి. మెహరున్నీసా కొట్టు పని మానుకుని వాటిని చూస్తూ కూచునేది.

ఊరుకోలేనివాళ్లు ఊరుకోలేదు. ఇది చిల్లంగి పెట్టే మనిషని కొందరన్నారు. పిల్లల్ని ఆ అరుగుమీదికి పోనివ్వద్దన్నారు. వీధిపెద్ద గవర్రాజు నలుగుర్ని వెంటేసుకొచ్చి, పురుగుల్ని తీసేస్తావా, మున్సిపాలిటీకి చెప్పమంటావా అని అడిగాడు. నీ గుమ్మం ముందు కాలవలో పెరిగే దోమల్ని ముందు తీయించు, తర్వాత నా ఇంటికి రా అందావిడ. ఆయన మళ్లీ రాలేదు కానీ, ఆవిడ కొట్టులో కొనడం మానేశాడు.

ఇదంతా బయటివాళ్ల సంగతి. అసలు చెప్పాల్సింది ఖాజా తమ్ముడు రహమాన్ గురించి.

రహమాన్ నోరు మంచిది. అత్తరు అమ్మాడు, సినిమా హాలు దగ్గర సైకిల్ స్టాండు నడిపాడు, ఏదీ నిలబడలేదు. ఎనభై మూడులో ఎగ్జిబిషన్లో ఒక గుడారం పెట్టే అవకాశం చిక్కింది. రెండు తలకాయల దూడ బొమ్మా, వంకర అద్దాలూ పెట్టాడు, జనం రాలేదు. అప్పుడు వచ్చి వదిన ముందు కూచుని, భాబీ భాబీ అంటూ టీ రెండుసార్లు తాగి, బేగంనీ మండ్రగబ్బనీ ఎగ్జిబిషన్ అయ్యేదాకా ఇమ్మన్నాడు. ఆవిడ ఇవ్వనంది. బేగం అప్పటికి తిండి మానేసి చాన్నాళ్లయింది. రంగు తిరిగింది. ఇవాళో రేపో వెల్లకిలా పడుతుంది, ఈ జాడీని ఉన్నచోట నుంచి జరపను కూడా జరపకూడదు అని విడమరిచి చెప్పింది. మండ్రగబ్బ వీపుమీద మళ్లీ పిల్లలున్నాయి, అదీ కదపకూడదంది. రహమాన్ తలూపాడు. మరీ మంచిగా తలూపాడు.

ఆ వారమే విజయనగరంలో ఆవిడ మేనకోడలి నిఖా. వెళ్లింది. వెళ్లేముందు ఇంటి తాళం ఖాజా చేతికిచ్చి, జాడీల జోలికి పోవద్దని మరోసారి చెప్పింది.

తిరిగొచ్చేసరికి అలమర ఖాళీ. దుమ్ములో జాడీ అడుగు గుండ్రంగా అచ్చుపడి ఉంది. ఖాజాని అడిగితే, ఎండ కొడుతోందని వెనకింట్లో పెట్టానన్నాడు. వెనకింట్లోకి నడిచింది. అక్కడా లేవు. అమ్మ దగ్గర పెట్టానన్నాడు. రసూల్ బీ తల పక్కకు తిప్పుకుంది. సరిగ్గా అప్పుడే చిట్టమ్మ అరుగెక్కింది. ఆవిడకి ఈ సంగతులేమీ తెలియవు.

"బీబమ్మా, ఎగ్జిబిషన్లో మీ మరిది బోర్డు కట్టినాడు, సూసినావా? రాకాసి సాలీడుకీ నల్ల మండ్రగబ్బకీ యుద్ధమంట. మా ఆయన దాలయ్య సెప్పినాడు."

మెహరున్నీసా పెళ్లినుంచి తెచ్చిన సంచీ కింద పెట్టలేదు. అలాగే వీధిలోకి దిగింది. చిట్టమ్మ తట్ట అరుగుమీదే వదిలేసి వెంటపడింది. ఖాజా వెనకనుంచి ఏదో అంటున్నాడు, ఇద్దరూ వినలేదు.

సాయంత్రం మొదటి ఆట నడుస్తోంది. గుడారం ముందు మైకులో రహమాన్ గొంతు. ఏనుగుని చంపిన సాలీడట, బర్మా అడవులట, ఒక్క కాటుకి మనిషి నీలమైపోతాడట. మెహరున్నీసా టిక్కెట్టువాణ్ణి పక్కకి తోసి లోపలికి పోయింది. మధ్యలో ఒక జింకు తొట్టె, చుట్టూ జనం, పైన వేలాడదీసిన పెద్ద బల్బు. మగవాళ్ల భుజాల మధ్యనుంచి దారి చేసుకుంది.

తొట్టెలో ఒక పక్క మండ్రగబ్బ. దాని వీపు నున్నగా, ఖాళీగా ఉంది. పిల్లలు తొట్టె నిండా చెల్లాచెదరుగా ఉన్నాయి, కొన్ని కదులుతున్నాయి, చాలావరకు నలిగిపోయి జింకుకి అంటుకుని ఉన్నాయి. రెండో పక్క బేగం. వెల్లకిలా. కింద పరుపు లేదు, ఉత్తి జింకు. నేసుకునే వ్యవధి ఎవరిచ్చారు. రహమాన్ మైకు చంకలో పెట్టుకుని, వెదురు పుల్లతో దాని కడుపులో పొడుస్తున్నాడు.

"లే, లే, నాటకాలాడతన్నావేటి," అంటున్నాడు. జనం నవ్వుతున్నారు.

ఆవిడ పుల్ల పట్టుకుని లాగింది. అతని చేతిలోంచి ఊడి వచ్చింది. దాన్ని మోకాలిమీద విరిచి అవతల పారేసింది.

రహమాన్ మొదట వదినని పోల్చుకోలేదు. పోల్చుకున్నాక నవ్వడానికి చూశాడు. "భాబీ, అది సచ్చిపోనాది. నానేటి సేసినాను? తొట్టిలో ఎయ్యగానే తిరగబడిపోనాది. పురుగే కదా, ఇంకోటి తెప్పించీస్తాను."

"సచ్చిపోనేదు. నీకు సెప్పినాను. నా ఇంట్లో కూసుని, నా టీ తాగి, తలూపినావు."

"జనం ఉన్నారు, మెల్లగా మాటాడు."

"నువ్వు మైకులో మాటాడతావు, నాను మెల్లగా మాటాడాలా?"

అంతకంటే ఎక్కువ మాట్లాడలేదు ఆవిడ. తొట్టె అంచు పట్టుకుని, దానికడ్డంగా నేలమీద కూచుంది. ఇది లేచేవరకు ఇక్కడ ఆట లేదంది. రహమాన్ చెయ్యి పట్టి లేపబోతే చిట్టమ్మ మధ్యలోకొచ్చి నిలబడింది. రోజూ బరువు తట్ట నెత్తిన మోసే మనిషి ఆవిడ, కదిలించడం అతనివల్ల కాలేదు. జనం గోలపెట్టారు. యుద్ధమేదని అరిచారు. ఎవడో వేరుశనగ తొక్కలు విసిరాడు, అవి తొట్టెలో బేగంమీద పడ్డాయి. మెహరున్నీసా ఒక్కొక్క తొక్కా వేలితో తీసింది, దాన్ని తాకకుండా. తీస్తూ ఆ విసిరినవాణ్ణి, వాడి పక్కవాణ్ణి, నవ్వినవాళ్లందర్నీ తిట్టింది. చిట్టమ్మ తర్వాత చెప్పేది, సముద్రం మీద మగాళ్ల నోట కూడా అలాంటి తిట్లు వినలేదని. కాసేపటికి జనం విసుగెత్తి జయింట్ వీల్ వైపు పోయారు. ఒక జీవి తన చర్మంలోంచి తానే బయటికి రావడం చూడాలని ఎవరికీ అనిపించలేదు.

అది వచ్చింది. చిప్ప లేచింది, ఒళ్లు కదిలింది, కాళ్లు రాసాగాయి. పుల్ల గుచ్చుకున్న వైపు మాత్రం రెండు కాళ్లు పాత చర్మంలోనే ఇరుక్కుపోయాయి. లాగింది, ఆగింది, మళ్లీ లాగింది. ఒక కాలు వచ్చింది. రెండోది మొదట్లోనే తెగి పాత తొడుగులో ఉండిపోయింది. తెగినచోట నీళ్లలాంటి, కాస్త నీలంగా ఉన్న చుక్క ఊరింది. ఇంకో చుక్క. ఆగలేదు. మెహరున్నీసాకి ఏం చేయాలో తెలియలేదు. చిట్టమ్మ బయటికి పరిగెత్తి, పక్క బజ్జీల కొట్టులోంచి గుప్పెడు శనగపిండి పట్టుకొచ్చింది. మనుషులకి తెగితే కాఫీపొడి అద్దుతారు కదా, అలాగన్నమాట. చిటికెడు పిండి పైనుంచి రాల్చారు. మొదట తడిసింది. మళ్లీ రాల్చారు. ఆగింది.

జాడీ గుడారం మూల దొరికింది. మండ్రగబ్బనీ, బతికున్న నాలుగైదు పిల్లల్నీ అట్టముక్కతో ఎత్తి ఒక సీసాలో వేశారు. రిక్షాలో ఇంటికొచ్చారు. మండ్రగబ్బ ఆ తర్వాత ఏమీ తినలేదు. బతికిన పిల్లల్ని ఒకటొకటిగా తనే తినేసింది, అదీ చచ్చిపోయింది. ఆ సంగతి చెప్పేటప్పుడు మెహరున్నీసా గొంతు ఎప్పుడూ ఒకేలా ఉండేది, చెక్కలా.

ఆ రోజు ఇంట్లో ఖాజా, తమ్ముడు బతకాలి కదా అన్నాడు. చూపించడానికే అనుకున్నాననీ, పోట్లాటకి పెడతాడని తెలియదనీ అన్నాడు. ఆవిడ జాడీని అలమరలో దాని అచ్చుమీదే పెట్టి, మూత సరిచేసి, అప్పుడు తిరిగింది.

"రహమాన్ దొంగ కాడు. దొంగైతే తాళం పగలగొట్టీవోడు. తాళం తీసిచ్చినోడివి నువ్వు."

తనమీది కోపం తమ్ముడిమీది కోపం కంటే పెద్దదని ఖాజాకి అప్పుడే అర్థమైంది. ఆవిడ వండేది, కంచం పెట్టేది, కొట్టులోకి పోయి చాప వేసుకుని పడుకునేది. మాట లేదు.

రసూల్ బీ కూడా తిరగబడింది. మొదట్లో ఆ సాలీడు ప్రాణం నిలబెట్టిన మనిషే, పురుగు కోసం నా కొడుకుని బజారున పెట్టావంది. చంపకూడదన్నాను గానీ, దాన్ని నా బిడ్డకంటే ఎక్కువ చూసుకోమన్నానా అంది. వీధిపెద్దలు కూడా పిలిపించారు. గవర్రాజు ఈసారి ఉత్సాహంగా వచ్చాడు. పరదా ఉన్న ఇంటి ఆడది మగాళ్ల గుడారంలో దూరి, నేలమీద కూచుని, బూతులు తిట్టిందని, మరిదికి క్షమాపణ చెప్పాలని తీర్మానించారు. ఆవిడ అంతా విని, నా ఇంట్లో చెప్పకుండా సొమ్ము తీసుకుపోయినవాడికి మీరేమన్నారో ముందు చెప్పండి అని అడిగింది. ఎవరూ ఏమీ అనలేదని తేలింది. అయితే నేనూ ఏమీ అననని లేచి వచ్చేసింది.

కొన్నాళ్లకి ఖాజా పోర్టునుంచి ఒక బెరడు ముక్క తెచ్చాడు, గొట్టంలా వంగినది, బేగం దూరి కూచోడానికి సరిగ్గా సరిపోయేది. దాన్ని కొట్టు బల్లమీద పెట్టి పోయాడు. ఆవిడ దాన్ని వేడినీళ్లలో కడిగి, ఎండబెట్టి, జాడీలో పెట్టింది. బాగుందని అనలేదు. ఇంకో వర్షాకాలం గడిచాక మళ్లీ మాటలు మొదలయ్యాయి, ముందు ఉప్పు గురించి, పప్పు గురించి. తాళంచెవి మాత్రం అప్పట్నుంచి ఆవిడ నడుముకే ఉండేది.

తర్వాతిసారి బేగం వెల్లకిలా పడి లేచినప్పుడు, తెగినచోట సన్నటి కాలొకటి వచ్చింది, పిల్లల బొమ్మ కాలులా. ఆ పైసారికి అది మిగతావాటితో సమానమైంది. చిట్టమ్మ ఆ కాలు చూడ్డానికి తన కోడలు సీతాల్ని కూడా వెంటబెట్టుకొచ్చింది. ఆవేళ మెహరున్నీసా అరుగుమీద అందరికీ సేమ్యా పంచింది. రహమాన్ అప్పటికే గుడారం ఎత్తేసి, ఏదో సర్కస్ వెంట ఒరిస్సా వైపు పోయాడు.

రసూల్ బీ ఎనభై ఏడులో మంచం పట్టింది. ఎత్తి కూచోబెట్టడం, ఒళ్లు తుడవడం, గంజి పట్టడం అన్నీ మెహరున్నీసాయే చేసింది. అత్తా కోడళ్ల మధ్య ఆ పాత మాట ఎప్పుడూ తీరలేదు. ఒకసారి ముసలావిడ, వాణ్ణి క్షమించవే, నేను పోయేలోపు అని అడిగిందట. గంజి చల్లారిపోతోంది, ముందు తాగు అని జవాబిచ్చిందట ఈవిడ.

రసూల్ బీ పోయినప్పుడు రహమాన్ వచ్చాడు. జుట్టు సగం నెరిసింది, మనిషి సగమయ్యాడు. ఖననం అయ్యాక మగవాళ్లందరికీ భోజనాలు పెట్టారు. అతను చివరి వరసలో కూచున్నాడు. వడ్డిస్తున్నది మెహరున్నీసాయే. అతని కంచం దగ్గరికొచ్చేసరికి అందరం చూస్తున్నాం. ఆవిడ అన్నం పెట్టింది, దాల్చా పోసింది.

అతను తలెత్తకుండానే అడిగాడు. "భాబీ, ఇంకా నామీద కోపమేనా?"

"ఉన్నాది," అందావిడ. "తిను."

ఇంకో గరిటె దాల్చా పోసి, పక్క మనిషి దగ్గరికి జరిగింది.